బండికి పట్టిన శని ఎక్కడుంది?

సూరత్ రింగ్ రోడ్డులో బట్టల మార్కెట్ల ముందు ఓ అరగంట నిలబడి చూడండి. పార్సిళ్ళు నింపుకున్న పికప్ లు, టెంపోలు, మూడు చక్రాల బళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి. చాలావాటి బంపరుకి ఒక నిమ్మకాయ, కొన్ని పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి వేలాడుతుంటాయి. శనివారం వచ్చిందంటే ఎండిపోయినవి తీసేసి కొత్తవి కడతారు. ఆ పని చేసిపెట్టి నాలుగు రూపాయలు సంపాదించుకునే వాళ్ళూ వున్నారు. మన హైదరాబాదులో, విజయవాడలో కనపడే దృశ్యమే ఇది. భాష మారింది గానీ నిమ్మకాయ మారలేదు.

ఈ నిమ్మకాయని చూసి నవ్వుకోవడం హేతువాదులకి చాలా తేలిక. నవ్వి వూరుకుంటే దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. నిమ్మకాయ కట్టిన చెయ్యే ఆ బండి చెడిపోతే ఎలా బాగుచేస్తుందో కూడా చూడాలని నా అభిప్రాయం. ఎందుకంటే మనం పుస్తకాల్లో చదువుకుని, సభల్లో ఉపన్యాసాలిచ్చే శాస్త్రీయ పద్ధతి ఈ దేశంలో రోజూ అందరికన్నా ఎక్కువగా వాడుకలో వున్న చోటు మెకానిక్ షెడ్డు. అక్కడే, అదే గోడకి, దేవుడి పటం కూడా వుంటుంది. ఈ రెండూ ఒకే తలలో ఎలా ఇముడుతున్నాయన్నదే ఈ వ్యాసం విషయం.

ఒక పికప్ కథ

సూరత్ లో తెలుగువాళ్ళు తక్కువేం లేరు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గాలు మూలపడ్డాక పవర్ లూములని వెతుక్కుంటూ కొందరు షోలాపూర్, కొందరు భివండీ, కొందరు సూరత్ చేరారు. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో పద్మశాలీల కుటుంబాలు తరాలుగా వున్నాయి. అలాంటి కుటుంబంలోని ఒకాయన ఇరవై యేళ్ళు సాంచాల మీద పనిచేసి, కూడబెట్టినదానికి అప్పు జతచేసి ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ కొన్నాడు. లూముల దగ్గర్నుంచి మార్కెట్ కి బట్ట చేరవెయ్యడం పని. పేరు రాయడం లేదు, అవసరం లేదు.

కొన్న యేడాదిలోపే బండి ముందు పోతున్న లారీ వెనక గుద్దుకుంది. పక్కన కూర్చున్న కుర్రాడి కాలు విరిగింది. ఆ తర్వాత నెల తిరక్కుండా ఇంట్లో ఒకరికి జబ్బు చేసింది. ఆ తర్వాత సరుకిచ్చే షాపువాడు వేరే బండి మాట్లాడుకున్నాడు. జాతకం చూసే ఆయన దగ్గరికి వెళితే, బండి నెంబరు అంకెలన్నీ కూడితే ఎనిమిది వస్తోందనీ, ఎనిమిది శనిదనీ, ఈయన పేరుకి అది పొసగదనీ చెప్పాడట. శాంతి చేయించారు. అయినా భయం పోలేదు. "ఈ బండి నాకు కలిసిరాలేదన్నా, రక్తం చూసిన బండి" అనేవాడు. అమ్ముదామంటే ఆ మాట అప్పటికే నలుగురికీ పాకింది, సరైన ధర ఎవరూ పెట్టలేదు. బండి మూడు వానాకాలాలు ఖాడీ పక్కన ఖాళీ స్థలంలో నిలబడిపోయింది. అప్పు వాయిదాలు మాత్రం నిలబడలేదు, అవి ప్రతి నెలా కట్టవలసి వచ్చాయి. సొంత బండి పెట్టుకుని ఆయన మళ్ళీ సాంచాల మీదికే పనికి వెళ్ళాడు.

చివరికి తుక్కు కింద అమ్మేద్దామనుకున్నప్పుడు, బంధువుల్లో ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు చదివి షెడ్డులో పనిచేస్తున్న కుర్రాడు "ఒకసారి చూద్దాం బాబాయ్, నడిస్తే నడుస్తది, లేకుంటే లేదు" అన్నాడు. ఆ కుర్రాడూ, అతని ఉస్తాదూ కలిసి రెండు ఆదివారాలు పనిచేస్తే దగ్గరుండి చూశాను.

షెడ్డులో శాస్త్రం

మూడేళ్ళు నిలబడిన బండి దగ్గరికి వెళ్ళగానే మనలాంటివాడు చేసే మొదటి పని తాళం తిప్పి సెల్ఫ్ కొట్టడం. ఉస్తాద్ తాళం ముట్టుకోనివ్వలేదు. ముందు బానెట్ ఎత్తి చూశాడు. ఎలుకలు గూడు పెట్టాయి, రెండు వైర్లు కొరికాయి. బెల్టు పగుళ్ళు విచ్చింది. ఆయిల్ స్టిక్ తీసి చూశాడు. ఆయిల్ నల్లగా వుంటే పాతదని అర్థం, పాలు కలిపిన టీ రంగులో వుంటే నీళ్ళు చేరాయని అర్థం. నల్లగానే వుంది. అంటే ఖాడీ నీళ్ళు ఇంజనుదాకా రాలేదన్నమాట. అయినా పాత ఆయిల్ దించేసి కొత్తది పోశాడు. తర్వాత పెద్ద పానా వేసి క్రాంక్ పుల్లీని చేత్తో తిప్పాడు. తిరిగింది. ఇంజను పట్టెయ్యలేదు.

ఈ జాగ్రత్త ఎందుకో సూరత్ మెకానిక్కులకి ఎవరూ చెప్పనక్కరలేదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల దాకా నీళ్ళు వదిలినప్పుడు తాపీ నది నగరంలో ఎక్కువ భాగాన్ని ముంచేసింది. మునిగిన బండిని ఆత్రంగా స్టార్ట్ చేస్తే ఏమవుతుందో తెలుసు కదా? గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. సిలిండర్లో నీళ్ళుండగా పిస్టన్ పైకి తోస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బాగుపడవలసిన ఇంజను యజమాని తొందర వల్లే పాడవుతుంది.

తర్వాత బ్యాటరీ. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా వుంటే మీటరు 12.6 దగ్గర చూపిస్తుంది. ఇది 7 కూడా చూపించలేదు. ప్లేట్లు గట్టిపడిపోయిన బ్యాటరీకి చార్జింగు పెట్టి లాభం లేదని వేరే బ్యాటరీ తెచ్చాడు. తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు మూలిగింది గానీ ఇంజను తిరగలేదు. బ్యాటరీ మంచిదే, మోటారు మూలుగుతోంది, అయితే కరెంటు దారిలో ఎక్కడో తగ్గిపోతోంది. ఎర్త్ వైరు ఛాసిస్ కి బిగించిన చోట తుప్పు. గీకి బిగించగానే ఇంజను గిర్రున తిరిగింది. కానీ అంటుకోలేదు.

ఇక్కడ డీజిల్ ఇంజను గురించి రెండు మాటలు. దీనికి స్పార్క్ ప్లగ్గు వుండదు. గాలిని సుమారు 16 నుంచి 22 రెట్లు నొక్కితే అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ సన్నగా డీజిల్ చిమ్మితే దానంతటదే మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ లో నడిపి చూపించింది ఈ సూత్రాన్నే. కాబట్టి అంటుకోని డీజిల్ ఇంజనుకి వుండే కారణాలు అనంతం కాదు. గాలి సరిగా నలగకపోవాలి, లేదా డీజిల్ సరిగా చేరకపోవాలి, లేదా చేరవలసిన సమయానికి చేరకపోవాలి. అంతే. దీని పరిధిలోకి రాని కారణమేదీ లేదు. ఇందులో గ్రహాలకి ఖాళీ లేదు.

ఉస్తాద్ ట్యాంకు దించాడు. అడుగున నీళ్ళు, వాటిమీద జిగురులాంటి నల్లటి మడ్డి. డీజిల్ నీటికంటే తేలిక, అందుకే చేరిన తేమంతా అడుక్కి దిగుతుంది. నీరూ డీజిలూ కలిసే పొర దగ్గర సూక్ష్మజీవులు పెరిగి ఆ మడ్డి తయారవుతుంది. ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, కొత్త డీజిల్ పోశారు. పైపులో గాలి చేరితే పంపు డీజిల్ ని తొయ్యలేదు. కుర్రాడు చేతి పంపు కొడుతూ వుంటే ఉస్తాద్ స్క్రూ వదులు చేశాడు. మొదట నురగ, తర్వాత బుడగలు, తర్వాత బుడగల్లేని ధార. స్క్రూ బిగించాడు. నాజిళ్ళ దగ్గర కూడా అలాగే ఎయిర్ తీశాడు. మూడోసారి సెల్ఫ్ కొడితే తెల్లటి పొగ కక్కి, దగ్గి, అందుకుంది. కాసేపటికి వేడెక్కాక పొగ తగ్గింది. పొగ నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ అనీ, నీలంగా వస్తే ఇంజనాయిల్ మండుతోందనీ, వేడెక్కినా తెల్లగానే వస్తుంటే ఆలోచించాలనీ కుర్రాడు నాకు పాఠం చెప్పాడు.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా రాశానంటే, ఈ పనిలో ప్రతి మెట్టునీ గమనించండి. ఒక ఊహ చెయ్యడం, ఆ ఊహ నిజమైతే ఏం కనపడాలో ముందే చెప్పడం, పరీక్షించడం, తప్పయితే వదిలేసి తర్వాతి ఊహకి పోవడం. ఒకేసారి నాలుగు మార్పులు చెయ్యకపోవడం, ఎందుకంటే అప్పుడు దేనివల్ల బాగయ్యిందో తెలియదు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో చేర్చుకున్నాం, 51ఎ(హెచ్) అధికరణం. ఆ ఉస్తాద్ రాజ్యాంగం చదివి వుండడు. అయినా ఆ ఆదివారం ఆ అధికరణాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు.

శని దొరికింది

ఇంజను నడిచింది కదా, ఇక తోలుకుపోదాం అన్నాడు యజమాని. ఉస్తాద్ ఒప్పుకోలేదు. నడవని బండి ఎవర్నీ చంపదు, ఆగని బండి చంపుతుంది. చక్రాలన్నీ విప్పాడు.

వెనక ఎడమ చక్రం డ్రమ్ము తియ్యగానే విషయం బయటపడింది. వీల్ సిలిండర్ లోపలి రబ్బరు సీలు అరిగిపోయి బ్రేక్ ఆయిల్ కారి, లైనింగ్ అంతా నానిపోయి వుంది. దుమ్ము పట్టి, గట్టిపడి, పొరలు పొరలుగా వున్న ఆ మడ్డిని చూపించి, ఇది నిన్నా మొన్నా కారింది కాదు, బండి తిరుగుతున్న రోజుల్లోనే కారింది అన్నాడు ఉస్తాద్. లైనింగ్ కి నూనె అంటితే అది పట్టదు, జారుతుంది. బరువెత్తుకున్న బండి బ్రేకు తొక్కితే ఒక పక్కకి లాగుతుంది, ఆగవలసిన చోట ఆగదు. యజమానిని అడిగితే, అవును, గుద్దుకోవడానికి కొన్ని వారాల ముందునుంచే పెడల్ మెత్తగా దిగేదనీ, బ్రేక్ ఆయిల్ తగ్గిపోతుంటే పోసుకుంటూ వుండేవాడినన్నాడు.

ఆ ప్రమాదానికి ఇదొక్కటే కారణమని నేను ప్రమాణం చెయ్యలేను. ముందు లారీ ఎలా ఆగిందో, వేగమెంతో, ఇప్పుడు తేల్చలేం. కానీ శనికి సాక్ష్యం ఏమీ లేదు, ఈ సీలుకి మాత్రం డ్రమ్ము నిండా సాక్ష్యం వుంది. శాంతి చేయించినప్పుడు పెట్టిన ఖర్చులో చిన్న వంతుతో ఆ సీలు మార్చవచ్చు.

ఇప్పుడు అసలు ప్రమాదం ఏమిటో ఆలోచించండి. ఒకవేళ శాంతి తర్వాత ఆయనకి ధైర్యం వచ్చి, దోషం పోయిందని నమ్మి, బండి మళ్ళీ రోడ్డెక్కించి వుంటే? అదే కారే సీలుతో, అదే నానిన లైనింగ్ తో, టన్ను పైచిలుకు బట్టల పార్సిళ్ళతో, పక్కన ఇంకో కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని పోయేవాడు. భయం వల్ల ఆయన మూడేళ్ళ సంపాదన పోయింది. ధైర్యం వచ్చి వుంటే ప్రాణమే పోయేది. "నమ్మితే నష్టమేముంది?" అని అడిగేవాళ్ళకి నా సమాధానం ఇదే. మూఢనమ్మకం చేసే అసలు నష్టం కొబ్బరికాయ ఖర్చు కాదు. కారణం దొరికేసింది అనిపించి వెతకడం మాన్పించడం. శని అని తేలాక చక్రం ఎవరు విప్పి చూస్తారు?

ఎనిమిది లెక్క

ఈ ఎనిమిది సంగతి కూడా కాస్త లెక్క వేద్దాం. 0001 నుంచి 9999 వరకు నాలుగంకెల నెంబర్లు 9,999. అంకెలు కూడి, వచ్చినదాన్ని మళ్ళీ కూడి ఒక్క అంకెకి తెస్తే ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్కోదానికి సరిగ్గా 1,111 నెంబర్లు వస్తాయి. అంటే ఆర్టీవో ఆఫీసు ఇచ్చే ప్రతి వరసలోనూ తొమ్మిదో వంతు బళ్ళు శనివే. అవన్నీ రోడ్ల మీద తిరుగుతూనే వున్నాయి. ఎనిమిదికి ప్రమాదాలు ఎక్కువ జరుగుతుంటే ముందుగా కనిపెట్టేది జ్యోతిష్కుడు కాదు, ఇన్సూరెన్సు కంపెనీ. ఎందుకంటే వాళ్ళ డబ్బు పోతుంది. సరుకు రవాణా బండి థర్డ్ పార్టీ ప్రీమియం బండి మోసే మొత్తం బరువుని బట్టి వుంటుంది, నెంబరు కూడికని బట్టి కాదు. మరోవైపు తెలుగు రాష్ట్రాల్లో 9999 నెంబరు కోసం వేలంపాటల్లో లక్షలు పోసేవాళ్ళున్నారు. ఆ బళ్ళకి టైరు పంక్చరు కావడం ఆగిపోయిందని ఇంతవరకు వినలేదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలు 4,61,312 జరిగాయనీ, 1,68,491 మంది చనిపోయారనీ కేంద్ర ప్రభుత్వ రవాణా శాఖ లెక్క. ప్రపంచంలో నిమ్మకాయలు, మిరపకాయలు ఇంత విరివిగా బళ్ళకి కట్టే దేశం ఇంకొకటి వుందా? నిమ్మకాయకి శక్తి వుంటే అది ముందుగా కనపడవలసింది ఈ లెక్కలోనే.

కొబ్బరికాయ కొడితే స్టార్టయ్యింది కదా!

ఈ మాట అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. చాలాసార్లు నిజంగానే స్టార్టవుతుంది. ఎందుకో చూద్దాం.

బ్యాటరీ నీరసంగా వుంది అనుకోండి. వరసగా పదిసార్లు సెల్ఫ్ కొడితే ఇంకా నీరసిస్తుంది. ఒక ఇరవై నిమిషాలు వదిలేస్తే, ప్లేట్ల లోపలికి యాసిడ్ మళ్ళీ చేరి, వోల్టేజీ కొంత కోలుకుంటుంది. ఆ ఇరవై నిమిషాల్లో పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టి తాళం తిప్పితే ఇంజను అందుకుంటుంది. పేరు కొబ్బరికాయకి వస్తుంది, పని యాసిడ్ చేసింది. పాత పెట్రోలు బళ్ళలో ఇంకో సంగతి. మిట్టమధ్యాహ్నం ఇంజను వేడికి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడితే బండి ఆగిపోతుంది. చెట్టు కింద కాసేపు ఆగితే చల్లారి మళ్ళీ నడుస్తుంది. ఆ చెట్టు కిందే ఒక గుడి వుంటే ఇక చెప్పేదేముంది, ఆ దేవుడికి బళ్ళ దేవుడని పేరు స్థిరపడిపోతుంది.

పరీక్షించడం ఎంత తేలికో చూడండి. ఈసారి కొబ్బరికాయ లేకుండా ఇరవై నిమిషాలు వూరికే కూర్చుని కొట్టండి. మరోసారి ఏ మాత్రం ఆగకుండా కొబ్బరికాయ కొట్టి వెంటనే తాళం తిప్పండి. పదిసార్లు చేసి రాసుకుంటే ఎవరి గొప్ప ఎంతో తెలిసిపోతుంది. ఇంత తేలికైన పరీక్ష ఎవరూ చెయ్యరు. నాజిల్ మీద అనుమానం వస్తే మాత్రం అదే మనిషి దాన్ని విప్పి ఇంకో సిలిండర్ కి మార్చి చూస్తాడు, దోషం దాని వెంట వెళ్ళిందా లేదా అని. తనకి తెలిసిన పద్ధతినే దేవుడి దగ్గరికొచ్చేసరికి పక్కన పెడతాడు.

ఈ మధ్య నిమ్మకాయ, మిరపకాయలకి "సైన్సు" కూడా తగిలిస్తున్నారు. దారం ద్వారా విటమిన్ సి గాల్లోకి వ్యాపిస్తుందట. విటమిన్ సి ఆవిరయ్యే పదార్థం కాదు. అది గాల్లో కలవదు, కలిసినా కదిలే బండి బంపరు దగ్గర పీల్చేవాడెవడు? పాతరోజుల్లో ఎడ్లబండి ప్రయాణంలో దాహానికి నిమ్మకాయ, పాము కరిస్తే రుచి తెలుస్తోందో లేదో చూడడానికి మిరపకాయ తీసుకెళ్ళేవారనేది మరో కథ. అది నిజమే అనుకున్నా, అప్పుడు వాటిని సంచిలో పెట్టుకోవాలి, పొగా దుమ్మూ తగిలేలా బయట వేలాడదియ్యకూడదు. నమ్మకానికి సైన్సు ముసుగు అవసరమయ్యిందంటేనే సైన్సు పరపతి పెరిగిందని అర్థం. పద్ధతి లేకుండా పరపతి మాత్రం పెరగడం సంతోషించవలసిన విషయం కాదు.

పెద్దవాళ్ళే చేస్తుంటే

టెంపో డ్రైవరుని అనేముందు పైన చూడాలి. 2019 అక్టోబరు 8న ఫ్రాన్సులోని మెరిన్యాక్ లో మొదటి రఫేల్ యుద్ధవిమానాన్ని తీసుకుంటూ అప్పటి రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ దానిమీద ఓం రాసి, కొబ్బరికాయ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇస్రో శాస్త్రవేత్తలు రాకెట్ నమూనా తీసుకుని తిరుమల వెళ్ళడం మనకి అలవాటైన వార్త. అయితే ఒక్క విషయం గమనించాలి. నిమ్మకాయ పెట్టాం కదా అని ఆ విమానం తనిఖీల జాబితాలో ఒక్క అంశమైనా ఎవరైనా కొట్టేశారా? శ్రీవారిని దర్శించుకున్నాం కదా అని కౌంట్ డౌన్ లో ఒక్క పరీక్షయినా మానేశారా? మానరు. డబ్బూ, అధికారం వున్నచోట నమ్మకం అలంకారంగా వుంటుంది, పని తనిఖీ మీదే నడుస్తుంది. పేదవాడి దగ్గరికొచ్చేసరికి తనిఖీకి డబ్బుండదు, అలంకారం ఒక్కటే మిగులుతుంది. అందుకే ఒకే నిమ్మకాయ విమానానికి హాని చెయ్యదు, పికప్ కి చేస్తుంది. పెద్దవాళ్ళు కెమెరాల ముందు చేసే తంతుని చూసి నేర్చుకునేది ఈ పికప్ వాడే కాబట్టి, ఆ తంతుకి వాళ్ళ బాధ్యత కూడా వుంది.

సూరత్ కే ఈ సంగతి బాగా తెలియాలి. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు వచ్చింది. లక్షల మంది వూరు విడిచి పారిపోయారు, వారిలో మన తెలుగు కూలీలూ వున్నారు. ఆ నగరాన్ని బాగుచేసింది శాంతిహోమాలు కాదు. 1995లో మునిసిపల్ కమిషనర్ గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించారు, మురుగుకాలవలు పట్టించుకున్నారు, ఆక్రమణలు తీయించారు, అధికారుల్ని ఆఫీసు గదుల్లోంచి వీధుల్లోకి పంపారు. రెండేళ్ళు తిరక్కుండా సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. మూలపడిన బండిని బాగుచేసినట్టే మూలపడిన నగరాన్ని బాగుచేశారు. ఎక్కడ అడ్డుపడింది, ఎక్కడ కారుతోంది, ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి అని ఒక్కొక్కటీ వెతికారు.

అన్నీ బాగుచెయ్యాలనా?

కాదు. శని పేరుతో మంచి బండిని వదిలెయ్యడం ఎంత తప్పో, మమకారంతో పాడైన బండిని పట్టుకు వేలాడడం కూడా అంతే తప్పు. "నాన్న కొన్న బండి" అనేది జ్ఞాపకానికి సరిపోతుంది, రోడ్డు మీద తిరగడానికి సరిపోదు. ఛాసిస్ తుప్పు తినేసిందా, రిపేరు ఖర్చు బండి విలువని దాటుతోందా, బయట ఎంత పొగ వదులుతోంది అన్నవి లెక్క వేసుకోవాలి. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష వుంది. 2021లో వచ్చిన స్క్రాపింగ్ విధానం ప్రకారం పాత బళ్ళని రిజిస్టరైన కేంద్రాల్లో తుక్కు చేయించి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. లెక్క తుక్కు వైపు తేలితే తుక్కుకే ఇవ్వాలి. రెండు వైపులా తేల్చవలసింది లెక్క, నెంబరు కూడిక కాదు.

మన పికప్ విషయంలో లెక్క బాగుచెయ్యడం వైపే తేలింది. బ్రేకుల సీళ్ళన్నీ మార్చారు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, తేమ చేరితే వేడికి మరిగి పెడల్ కిందికి పోతుంది, అందుకని పాతదంతా తీసి కొత్తది పోశారు. టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అది చూసి, పగుళ్ళు చూసి, నాలుగూ మార్చారు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు అయ్యాక బండి మళ్ళీ మార్కెట్ కి తిరుగుతోంది. నెంబరు అదే. కూడితే ఇప్పటికీ ఎనిమిదే.

మనం చెయ్యవలసింది

దివంగత ప్రేమానంద్ గారు గాల్లోంచి విభూతి తీసి చూపించి, అది ఎలా తీశారో చెప్పి, వేలమంది కళ్ళు తెరిపించారు. ఆ పని ఇంకా కావాలి. సూరత్ లోనే సత్యశోధక్ సభ దశాబ్దాలుగా గుజరాతీలో ఆ పని చేస్తోంది. 2024లో గుజరాత్ శాసనసభ నరబలి, చేతబడి లాంటి అఘాయిత్యాల మీద చట్టం కూడా చేసింది. అయితే చట్టం బాబా దగ్గరికి వెళ్ళగలదు గానీ, బంపరు దగ్గరికి రాలేదు, రాకూడదు కూడా. నిమ్మకాయ కట్టుకోవడం ఎవరి ఇష్టం వాళ్ళది.

మనవాళ్ళలో కొందరు దసరానాడు ఆయుధపూజ చేసుకునే మెకానిక్ ని చూసి ఎగతాళి చేస్తారు. దానివల్ల అతను మనకి దూరమవుతాడు తప్ప నిమ్మకాయకి దూరం కాడు. అతని చేతులు ఇప్పటికే హేతువాదం చేస్తున్నాయి. ఆ మాట అతనికి చెప్పాలి. "నాజిల్ మార్చి చూసినట్టే, జాతకాన్ని కూడా మార్చి చూడు" అనాలి. ఆయుధపూజలో పనికొచ్చే భాగం కూడా ఒకటుంది. ఏడాదికొకసారి పనిముట్లన్నీ బయటికి తీసి తుడుస్తారు, బండి కడుగుతారు. ఆ అలవాటుని ఒక మెట్టు ముందుకి తీసుకెళ్ళమనండి. కడిగిన చేత్తోనే చక్రాలు విప్పి సీళ్ళు, లైనింగులు చూడమనండి. బ్రేక్ ఆయిల్ మట్టం చూడమనండి, టైరు మీద నాలుగంకెలు చదవమనండి. ఆ తర్వాత దండ వేసుకుంటే వేసుకోనీయండి.

లింబాయత్ లో కానీ, సిరిసిల్లలో కానీ, మీ వూళ్ళో కానీ ఒక ఉస్తాద్ ని పిలిచి, ఒక ఆదివారం పిల్లల ముందు చెడిపోయిన ఇంజను పెట్టి, ఎందుకు నడవడం లేదో కనిపెట్టే పద్ధతి చూపించమని అడగండి. సంఘం తరఫున మనం పెట్టే ఏ ఉపన్యాసం కన్నా అది గట్టిగా పనిచేస్తుందని నా నమ్మకం. నమ్మకం అన్నాను కాబట్టి, దీన్ని కూడా పరీక్షించే చూడండి. అందరికన్నా ముందు మీ ఇంటి ముందున్న బండి పెడల్ మెత్తగా దిగుతోందేమో ఈ రోజే చూసుకోండి.